ఇది నిజముగా జరిగినదా?

తెలుగు బోధించువారికి ఏటేట తప్పక ఎదురగు ప్రశ్న యొకటి కలదు. అది వ్యాకరణములోనిది కాదు, ఛందస్సులోనిదియు కాదు. కథయో పద్యమో సగము నడచుచుండగా వెనుక బల్లనుండి ఒక చేయి పైకి లేచును. "ఇది నిజముగా జరిగినదా, మాస్టారూ?" అని యడుగుదురు. అడుగువారి వయస్సు సామాన్యముగా పదుమూడు, పదునాలుగేండ్లు. అంతకంటె చిన్నవారు అడుగరు. తరువాత నేమి జరిగెనో తెలిసిన వారికి చాలును. అంతకంటె పెద్దవారును అడుగరు. దానికెన్ని మార్కులో తెలిసిన వారికి చాలును. నడుమనున్న యా రెండు మూడేండ్లే మనుష్యుడు సత్యమును గూర్చి గట్టిగా చింతించు కాలమేమో యని మాకు అప్పుడప్పుడు తోచుచుండును.

మన పాఠశాలలో ఈ ప్రశ్న పుట్టుటకు మఱియొక కారణము గలదు. ఉదయ ప్రార్థనలో సత్యమునే పలుకవలెనని పిల్లలు విందురు. గంట మ్రోగిన పిమ్మట మొదటి తరగతిలోనే కాకియు ఎలుకయు స్నేహము చేసికొనును. తెలివిగల పిల్లవానికి సందేహము కలుగకుండుట యెట్లు?

ఈ సంవత్సరము వానకాలమున ఒక విద్యార్థి తండ్రి మాయొద్దకు వచ్చెను. ఆయన మార్కెట్టులో కూరగాయలమ్మి జీవించువాడు. చదువు కొలదియే గాని భక్తి కొలది కాదు. అప్పుడు మేము తొమ్మిదవ తరగతివారిచేత చిన్నయసూరిగారి నీతిచంద్రికలోని మిత్రలాభమును చదివించుచుంటిమి. ఆయన నిలువబడియే మాటలాడెను. "అయ్యా, మావాణ్ణి బడికి పంపినది నిజము నేర్చుకొనుటకు. పావురము రాజ్యమేలినదట, ఎలుక మాటలాడినదట, పోయిన నెలలో ఏనుగు దేవుణ్ణి పిలిచినదట! అబద్ధమాడకూడదని ఆదివారము చెప్పి, సోమవారము అబద్ధములు చదివింతురా? ఆ గంటకు వాణ్ణి వెలుపల కూర్చోబెట్టండి, చాలు" అనెను.

ఆ బాలుడు తరగతిలో అందఱికంటె చక్కగా చదువువాడు. వానిని వరండాలో కూర్చుండబెట్టుట మాకు చేతులు రాని పని. అయినను ఆ తండ్రిమీద మాకు కోపము రాలేదు. ఏలయన ఆయన చెప్పినదానిలో సగము న్యాయముగనే యుండెను. పిల్లల చెవులలో పడు మాటలలో నిజముగనే విడువదగినవి కొన్ని గలవు.

మా చిన్ననాట మా వీథిలో గ్రహణమునాడు రోకలి నిలువబెట్టెడి యలవాటుండెను. ఇత్తడి పళ్లెములో నీళ్లు పోసి, నడుమ రోకలిని నిలిపెడివారు. గ్రహణము పట్టియున్నంతసేపు అది యే యాధారమును లేక నిలుచుననియు, విడువగానే పడిపోవుననియు పెద్దలు చెప్పెడివారు. రాహువు సూర్యుని మ్రింగుచుండగా రోకలికి ఆ బలము వచ్చునట. 1995 అక్టోబరు 24వ తేదీన పాక్షిక సూర్యగ్రహణము మా యూరికి కనబడినప్పుడు ఆ రోకలి నిలుచుటను మేమును కన్నులార చూచితిమి. తరువాతి వారమున గ్రహణమేమియు లేని యొక మధ్యాహ్నము, ప్రక్కింటి పిల్లలతో గూడి అదే పళ్లెములో అదే రోకలిని నిలిపితిమి. అది సుఖముగా నిలిచెను! పొన్ను చదునుగా నరిగిన రోకలి యే దినమైనను నిలుచును. ఆ నమ్మకమునకు ఆనాటితో సెలవు.

తరువాత మేము చదివికొన్నదేమన, 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు జాన్సెన్ అను పరాసు శాస్త్రజ్ఞుడు మన గుంటూరికే వచ్చియుండెను. పాగ్సన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బందరునందు దుర్భిణి నెత్తెను. ఆ గ్రహణమును చూచినవారి వర్ణపటములలో కనబడిన యొక పసుపుపచ్చ గీతను, భూమిమీద అంతవఱకు ఎవరును ఎఱుగని మూలపదార్థముయొక్క గుర్తుగా తరువాత గ్రహించి, గ్రీకుభాషలోని సూర్యుని పేరిట దానికి హీలియమని పేరిడిరి. భూమిపైన అది 1895లో గాని దొరకలేదు. మన యూళ్లలో రోకళ్లు నిలిచిన యాకాశము క్రిందనే యింత సంగతి జరిగినదని చెప్పినప్పుడు పిల్లల కన్నులు వెడల్పగుట చూడవలెను.

రోకలి మాట లోకమును గూర్చిన వార్త. వార్తను పరీక్షింపవచ్చును; తప్పైనచో త్రోసివేయవచ్చును. చందమామ మాట అట్టిది కాదు. తెలుగుతల్లి బిడ్డను చంకనెత్తుకొని, చేతిలో పాలబువ్వ గిన్నె పట్టుకొని, ఆకాశమువైపు చూపి "మామ" యని పిలుచును. ఆ మామ తల్లికి అన్నయా తమ్ముడా యని యే బిడ్డయు నేటివఱకు విచారింపలేదు. 1969లో మనుష్యులు చంద్రునిమీద నడచిరి. 2023 ఆగస్టు 23వ తేదీ సాయంకాలము మన చంద్రయాన్-3 దక్షిణ ధ్రువ ప్రాంతమున దిగుచుండగా వసతిగృహము పిల్లలందఱును టీవీ ముందర ఊపిరి బిగబట్టి కూర్చుండిరి. ఆ రాత్రియే వసతిగృహపు వంటమనిషి కూతురు తన బిడ్డకు చందమామను చూపి అన్నము పెట్టుచుండెను. ఆమెయు ఆ దృశ్యమును టీవీలో చూచినదే! ఆమె చేతిలోని ముద్దకుగాని, ఆ నౌకకుగాని ఏమియు నష్టము కలుగలేదు.

ఇంతవఱకు చెప్పగా ఆ తండ్రి కొంత మెత్తబడెను గాని, "అది చంటిపిల్లల మాట, ఇది బడి" యనెను. అప్పుడు మేము బల్లమీదనున్న పరిశుద్ధ గ్రంథమును తెఱచి న్యాయాధిపతుల గ్రంథము తొమ్మిదవ అధ్యాయము తీసితిమి. అబీమెలెకు తన సహోదరులను చంపించి షెకెములో రాజైనప్పుడు, తప్పించుకొన్న కడగొట్టువాడగు యోతాము గెరిజీము కొండ కొమ్మున నిలిచి ఆ పట్టణస్థులకొక కథ చెప్పెను. చెట్లు తమకొక రాజును కోరుకొనెను. ఒలీవచెట్టును, అంజూరపు చెట్టును, ద్రాక్షావల్లియు తమ పని విడిచి రామనెను. ముండ్లపొద మాత్రము వచ్చెదననెను. "చెట్లు మాటలాడినవా?" యని మేమడిగితిమి. ఆయన చాలసేపు పుటవంక చూచెను. "మాటలాడలేదు. ఆ ముండ్లపొద ఎవరో వాళ్లకు తెలుసు" అనెను. ఇంతకంటె మంచి వ్యాఖ్యానమును మేము శిక్షణ కళాశాలలోను వినలేదు.

కథ కథయని తెలిసికొనక యది జరిగినదని నమ్మినవాడొకడు మాత్రము ఆ గ్రంథముననే యున్నాడు. అతడు దావీదు. ఊరియాను యుద్ధమున చంపించి యతని భార్యను తెచ్చుకొన్న రాజునొద్దకు నాతాను ప్రవక్త వచ్చి, పెక్కు మందలుగల ధనవంతుడొకడు బీదవాని యొక్కగానొక్క గొఱ్ఱెపిల్లను పట్టి కోసి అతిథికి వండిపెట్టెనని చెప్పెను. రాజు దానిని వార్తయని నమ్మి, ఆ ధనవంతుడు మరణపాత్రుడని కోపించెను. ఆ మనుష్యుడు తానేయని ప్రవక్త చూపినప్పుడు గాని యతనికి తెలియలేదు. ఆ ధనవంతుడు ఏ యూరివాడు? ఎచ్చటను లేడు. ఆ గొఱ్ఱెపిల్ల యేది? అదియు లేదు. కాని సింహాసనముమీద కూర్చున్నవాని పాపమును పేరుపెట్టి నిలదీసియుండినచో అతడు దానిని దాచియుండును. లేని గొఱ్ఱెపిల్లను గూర్చి వినినందుననే బయటపడెను. ఈ కథను అబద్ధమనువారు నాతానునేమందురో మాకు తెలియదు.

మంచి సమరయుని కథకును ఇదియే జరిగినది. ప్రభువు చెప్పిన యా త్రోవ, యెరూషలేమునుండి యెరికోకు దిగు త్రోవ, నిజమైనదే. ఆ త్రోవ ప్రక్కన "మంచి సమరయుని సత్రము" అని యొక స్థలమును యాత్రికులకు చూపుదురు! ఉపమానములోని సత్రమునకు గోడలు కట్టవలెనను కోరిక మనుష్యునకెంత బలమైనదో చూడుడు. దానిని మేము ఎగతాళి చేయుట లేదు. వెనుక బల్లనుండి లేచిన చేయియు ఆ కోరికతోనే లేచుచున్నది.

ఇక మిత్రలాభము. 1853లో సూరిగారు ప్రకటించిన నీతిచంద్రికలోని యీ భాగమున పావురములు నూకలకాశపడి వలలో చిక్కును. వాని రాజగు చిత్రగ్రీవుడు అందఱును ఒక్కపెట్టున ఎగురుడని చెప్పగా, అవి వలతో సహా లేచి ఎలుకయగు హిరణ్యకుని కలుగునొద్దకు పోవును. ఐకమత్యమే బలమని గైడు పుస్తకములలో వ్రాసియుండుటచే పిల్లలందఱును అచ్చటనే ఆగుదురు. మాకు ముఖ్యమనితోచునది తరువాతి సంగతి. హిరణ్యకుడు స్నేహముచేత మొదట చిత్రగ్రీవుని త్రాళ్లనే కొఱుకబోవును. అతడు వలదని, మొదట తన వారివి కొఱుకుమనును. ఎలుక పండ్లు చిన్నవి, త్రాళ్లు పెక్కు. కడవఱకు బలము చాలునో చాలదో తెలియదు. తెలిసియు నతడట్లనెను. ఇంటిలో కడపట అన్నము తినెడి తల్లిగల పిల్లలకు ఈ పావురమెవరో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ కూరగాయల వ్యాపారి కుమారుడు ఆ ఘట్టమును చదువునప్పుడు గొంతు తగ్గించి చదివెను. అది మేము చూచితిమి. ఆ మాటయు తండ్రితో చెప్పితిమి.

ఏనుగు సంగతి కొంచెము కష్టము. పోతనామాత్యుని గజేంద్రుడు పిలిచిన దేవుడు వేఱు, మేము ప్రార్థించు దేవుడు వేఱు. ఈ భేదమును దాచి పాఠము చెప్పుట మాకిష్టము లేదు. పిల్లలును దానిని కోరరు. కాని తన బలము, తన మంద, తన కాలము అన్నియు తీఱిపోయి, నీళ్లలో దిగబడినవాని మొర యెట్లుండునో ఆ పద్యములు మనకు చూపును. అఱువదితొమ్మిదవ కీర్తనలో దావీదు తాను లోతైన యూబిలో దిగుచున్నట్లును, నీళ్లు తన్ను ముంచుచున్నట్లును మొరపెట్టెను. ఆ చెఱువేదని యే పండితుడును వెదకలేదు. ఈ మొరను విననేర్చినవాడు ఆ మొరను విన్నప్పుడు చెవులు మూసికొనలేడు. ఇది మా యనుభవము. వేఱు విధముగా తలంచు సేవకులు మన మిషనునందును గలరు. వారిని మేము గౌరవింతుము.

ఆ తండ్రి కుఱ్ఱవానిని తరగతిలోనే యుండనిచ్చెను. గుమ్మము దాటబోవుచు మాత్రము వెనుకకు తిరిగి యొక మాట యడిగెను. "చెట్లు మాటలాడినది కథ అన్నారు. గొఱ్ఱెపిల్ల కథ అన్నారు. బాగున్నది. రేపు మావాడు పరలోకముకూడ అట్లే అంటే?"

నిజమైన భయము ఇది. మిగిలినదంతయు దీని చుట్టును తిరిగిన మాటయే. ఆనాడు గంట మ్రోగుటచేత మేము సగము చెప్పి యాపితిమి. మిగిలిన సగమును ఇచ్చట వ్రాయుచున్నాము; ఆయన కుమారుడు చదివి వినిపించునని మా యాశ.

మన యాలంకారికులు శబ్దమునకు మూడు శక్తులు చెప్పుదురు: అభిధ, లక్షణ, వ్యంజన. వారు తఱచుగా చూపు నుదాహరణము, గంగయందు గొల్లపల్లె యున్నదనుట. నదిమీద పల్లె నిలువదు గనుక మొదటి యర్థము చెల్లదు. దీనిని ముఖ్యార్థబాధ యందురు. అప్పుడు వినువాడు గంగయొడ్డున నున్నదని గ్రహించును. ఒడ్డుననియే చెప్పవచ్చునుగదా? చెప్పినచో ఆ పల్లెయొక్క చల్లదనమును పావనత్వమును మన మనస్సునకు తట్టవు. మాట పొరపడినట్లు కనబడుటయే లోనికి పొమ్మను సూచన.

ఈ కన్నుతో ప్రకటన గ్రంథము ఇరువదియొకటవ అధ్యాయమును చూడుడు. పట్టణపు వీథి బంగారము. ఆ బంగారము స్ఫటికమువలె ఆవలివైపు కనబడునది. అట్టి బంగారమును ఏ కంసాలియు చూడలేదు. పట్టణపు కొలత పండ్రెండు వేల స్టేడియములు, అనగా మన లెక్కలో సుమారు 2,200 కిలోమీటర్లు. పొడవును, వెడల్పును, ఎత్తును సమానమే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము తిరుగు నెత్తు సుమారు 400 కిలోమీటర్లు. ఈ పట్టణపు ఎత్తు దానికి అయిదింతలకు మించినది. ప్రాకారము మాత్రము 144 మూరలే! ముఖ్యార్థబాధ యనుటకు ఇంతకంటె నేమి కావలెను? మఱి ఘనచతురస్రముగా నేల వర్ణించెను? సొలొమోను కట్టించిన మందిరములో అతిపరిశుద్ధ స్థలము పొడవు ఇరువది మూరలు, వెడల్పు ఇరువది, ఎత్తు ఇరువది. లోనంతయు బంగారు రేకు. ప్రధాన యాజకుడొక్కడు సంవత్సరమునకొక్క దినము మాత్రము ప్రవేశించు గది యది. ఆ గదియే పట్టణమంతయైనదనియు, ఇక వెలుపల నిలువవలసినవాడు లేడనియు ఆ కొలతలు చెప్పుచున్నవి. కొలకఱ్ఱను ప్రక్కన పెట్టిన తరువాతనే ఆ కొలత యర్థమగును.

ఇదంతయు శిక్షణ కళాశాలలో ఉదయపు వాక్యపఠనమున ఒక యాచార్యులు చెప్పగా మేము మొదట వినినది. వినిన దినమున మాకు సంతోషము కలుగలేదు, నిద్రయు పట్టలేదు. ఏలయన ఆ బంగారు వీథి మాకు మా నాయనమ్మ యిచ్చినది. ఆమె గుంటూరు ప్రాంతమున మిరప కల్లములలో తాలుకాయలేఱు కూలికి పోయెడిది. కాళ్లకు చెప్పులుండెడివి కావు. మడమలు ఎండకాలపు చెఱువు నేలవలె బీటలు వాఱియుండెడివి. రాత్రులు వానికి ఆముదము రాచుట మా పని. మేము ఆఱేడేండ్లవారమై యున్నప్పుడు, బంగారు వీథి ఎండకు కాలదా, కాళ్లు బొబ్బలెక్కవా యని యడిగితిమట. "అక్కడ ఎండ కొట్టదురా" అని ఆమె వెంటనే చెప్పెను. ఆమెకు అక్షరము రాదు. ఆ మాట అదే గ్రంథము ఏడవ అధ్యాయములో నున్నదని మాకు చదువు వచ్చిన తరువాత తెలిసినది; ఆమె గుడిలో విని పట్టుకొన్నది.

ఆ సంవత్సరము సెలవులకు పోవునప్పటికి ఆమె మంచమునంటియుండెను. సాయంకాలమున ఆ అధ్యాయమే చదువుమనెను. చదివితిమి. బంగారు వీథియొద్దకు వచ్చునప్పటికి మా గొంతు తడబడెను. ఆమె కన్నులు మసకబారినవి గాని చెవులు వాడియైనవి. "ఏమిరా, ఆగినావు?" అనెను. ఆమెకడ దాచుట మా యింట నెవరికిని సాధ్యము కాలేదు. "నాయనమ్మా, అది మన బంగారము కాదట. గుర్తుగా చెప్పినదట" అని మెల్లగా చెప్పితిమి.

ఆమె కొంచెము నవ్వెను. "బంగారమైతే మాత్రము నేనేమి చేసుకొందును రా? మీ అత్త పెళ్లి రెండేండ్లు ఆగింది దేనికి? రెండు తులాల గొలుసుకు. మీ తాత దానికోసరమే గదా ఊరంతా తిరిగి అప్పు చేసింది. అక్కడ దాన్ని నేలమీద పరచి తొక్కి నడుస్తారట. ఇంక ఎవరు ఎవరిని అడుగుతారు?" అనెను. పిమ్మట కాళ్లమీది దుప్పటి సవరింపుమని, తక్కినది చదువుమనెను.